పుర్రె దాటిన గ్లియోబ్లాస్టోమా

రొమ్ములోనో ఊపిరితిత్తుల్లోనో పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకడం వైద్యులు తరచుగా చూసేదే. మెదడులోనే పుట్టిన క్యాన్సర్ పుర్రె దాటి బయటకు రావడం మాత్రం చాలా అరుదు. పెద్దవారి మెదడులో పుట్టే ప్రాణాంతక కణితుల్లో ఎక్కువగా కనిపించే గ్లియోబ్లాస్టోమా ఎంత ఉద్ధృతమైనదంటే, శస్త్రచికిత్స, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే క్యాన్సర్ మందు మాత్రలు అన్నీ అందినా సగం మంది రోగులు సుమారు 15 నెలలకు మించి బతకడం లేదు. అయినా అది ఊపిరితిత్తులకో, ఎముకలకో, మెడలోని లింఫు గ్రంథులకో చేరినట్లు తేలేది నూటికి ఇద్దరిలోపే.

మెదడును కప్పి ఉండే దృఢమైన పొర, అక్కడి రక్తనాళాల బిగుతైన గోడలు కణాలను బయటకు పోనివ్వవనీ, పోయినా అవి మరోచోట పెరిగేంత కాలం రోగి బతకడనీ చాలాకాలం చెప్పుకున్నారు. అందులో నిజం లేకపోలేదు గానీ, 2014లో జర్మనీ పరిశోధకులు 141 మంది రోగుల రక్తాన్ని పరీక్షిస్తే 29 మందిలో కణితి కణాలు తిరుగుతూ కనిపించాయి. అంటే గోడ దాటే కణాలు ఉన్నాయి. దాటినవి ఎందుకు మొలకెత్తడం లేదన్నదే అసలు ప్రశ్న. విత్తనం ఎంత బలమైనదైనా నేల అనుకూలించాలని ఆంగ్ల శస్త్రవైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లోనే, రొమ్ము క్యాన్సర్‌ను పరిశీలిస్తూ అన్నారు.

ఆ నేలను కాపాడుతున్నది బహుశా రోగనిరోధక వ్యవస్థే. ఇందుకు నన్ను అన్నిటికంటే కదిలించిన ఆధారం అవయవ మార్పిడి నుంచి వచ్చింది. గ్లియోబ్లాస్టోమాతో మరణించిన దాతల కాలేయం, మూత్రపిండం, ఊపిరితిత్తి పొందిన కొందరిలో అదే క్యాన్సర్ తలెత్తింది. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా వారు వాడుతున్న మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచాయి. ఉదంతాలు కొన్నే కాబట్టి ఇది రుజువు కాదు, బలమైన సూచన.

కణితి పుర్రె దాటిన రోగుల్లో ఎక్కువ మందికి అంతకుముందే శస్త్రచికిత్స జరిగి ఉంటుంది. కత్తి తెరిచిన దారిలో కణాలు నెత్తిచర్మానికీ, అక్కడి రక్తనాళాలకూ చేరవచ్చు. మెడలో గడ్డ కనిపిస్తే మరో జబ్బని పొరబడే అవకాశం ఉంది కనుక చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. మెదడులోని నక్షత్రాకార కణాల్లో ఉండే జీఎఫ్ఏపీ అనే ప్రోటీన్‌ను పట్టుకునే రంజకం వేసినప్పుడు, నీలిరంగులో కనిపించే లింఫు గ్రంథి కణాల మధ్య కణితి కణాలు గోధుమరంగులో తేలితే, అవి ఎక్కడి నుంచి వచ్చాయో పాథాలజిస్టుకు అర్థమవుతుంది.