వెంట్రుకంత సన్న గొట్టంలో డికాషన్ రంగు నీళ్లు

ఎరువుల కొట్టులో దొరికే హ్యూమిక్ యాసిడ్ మన రైతులకు కొత్త కాదు. డబ్బా చూస్తే అదేదో ఒక ఆమ్లం అనిపిస్తుంది గానీ, నిజానికి అది వేల రకాల అణువుల కలగాపులగం. ఆకులు, వేళ్లు, సూక్ష్మజీవులు కుళ్లగా మిగిలిన సరుకు. 1786లో జర్మనీలో ఫ్రాంజ్ కార్ల్ అషార్ పీట్ మట్టిని క్షారంలో నానబెట్టి, వచ్చిన నల్లటి రసంలో ఆమ్లం పోశాడు. ముద్ద అడుగుకు దిగింది. ఇప్పటికీ పద్ధతి దాదాపు అదే. ఆమ్లంలో దిగబడితే హ్యూమిక్, కరిగే ఉంటే ఫుల్విక్. ఈ పేర్లు అణువును చూసి పెట్టినవి కావు, గ్లాసులో ఏది ఎక్కడ తేలిందో చూసి పెట్టినవి.

ఇంత గందరగోళంలోనూ ఒక గుణం మాత్రం గట్టిది. వీటి కార్బాక్సిల్ గుంపులు (అణువులోని ఆమ్ల భాగాలు) నీటిలో ఋణావేశంతో ఉండి రాగి, సీసం, యురేనియం లాంటి లోహాలను పట్టేసుకుంటాయి. లోహం ఎంత విషమో, ఎంత దూరం పోతుందో చాలావరకు తేలేది అది ఒంటరిగా ఉందా, హ్యూమిక్‌తో జతకట్టిందా అన్నదాన్ని బట్టే.

1981లో అమెరికాలో జోర్గెన్‌సన్, లూకాక్స్ 75 మైక్రోమీటర్ల లోపలి వ్యాసమున్న గాజు గొట్టంలో వేల వోల్టులు పెట్టి, అణువులను ఆవేశాన్ని బట్టి చకచకా విడదీసి చూపించారు. అదే కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్. 1990ల్లో హ్యూమిక్ పరిశోధకులు కూడా దీని మీద చాలా ఆశ పెట్టుకున్నారు. గ్రాఫ్‌లో ఒక్కో పదార్థానికి ఒక్కటిగా వరసగా సన్నటి శిఖరాలు వస్తాయనుకుంటే, వెడల్పాటి గుట్ట ఒకటి వచ్చింది. దానికి 'హంప్' అన్న పేరే స్థిరపడింది.

కొందరికి ఆ గుట్ట మీద చిన్న చిన్న శిఖరాలూ కనిపించాయి. సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. బఫర్‌గా, అంటే ఆమ్లత మారకుండా గొట్టంలో నింపే ద్రావణంగా వాడుతున్న బోరేట్, హ్యూమిక్ అణువుల్లోని పక్కపక్క హైడ్రాక్సిల్ (OH) గుంపులతో తానే జతకడుతోందని 1998లో జర్మన్ పరిశోధకులు చూపించారు. అంటే చూస్తున్నది పదార్థాన్ని కాదు, బఫర్ చేసిన పనిని. అంతకుముందు వచ్చిన అందమైన గ్రాఫ్‌లను కాస్త అనుమానంగా చూడాలనే నా అభిప్రాయం.

పరికరం అసలు పనికొచ్చింది మాత్రం హ్యూమిక్‌ను విడదీయాలన్న పట్టుదల వదిలి, లోహం వెంట పడ్డాకే. 1995లో ఒహాయోలో ఓలెసిక్ బృందం గొట్టం చివర ప్లాస్మా పరికరాన్ని (విపరీతమైన వేడి వాయువులో పదార్థాన్ని విడగొట్టి మూలకాలను గుర్తించేది) తగిలించి, బయటికొచ్చే లోహాలను గుర్తించే దారి చూపింది.

దాని అవసరం బాగా కనిపించిన చోట్లలో జర్మనీ ఒకటి. అణు వ్యర్థాలను పూడ్చడానికి 1977లో ఎంచుకున్న గోర్లెబెన్‌లోని భూగర్భ ఉప్పు గుట్ట పైన, కొన్ని చోట్ల భూగర్భజలం హ్యూమిక్ వల్ల టీ డికాషన్ రంగులో ఉంటుంది. అణు వ్యర్థాల్లో ఉండే రేడియోధార్మిక లోహం అమెరీషియం గనక ఆ నీటిలో కలిస్తే హ్యూమిక్ దాన్ని మోసుకుపోదా? అమెరీషియంతో ప్రయోగాలు ప్రమాదం కాబట్టి, మూడు ధనావేశాలతో అలాగే నడుచుకునే యూరోపియాన్ని వాడారు. ఒంటరి యూరోపియం ఋణధ్రువం వైపు ముందుగా పరుగెడుతుంది. హ్యూమిక్‌ను పట్టుకున్నది వెనకబడుతుంది. రెండు సంకేతాల నిష్పత్తి చూస్తే ఎంత బంధించబడిందో తెలుస్తుంది. హ్యూమిక్‌లో ప్లాస్మా పరికరం సులువుగా పట్టే లోహం లేదు కాబట్టి, సార్‌బ్రూకెన్ పరిశోధకులు దానికి అయోడిన్ తగిలించి గుర్తించారు. నాకు బాగా నచ్చిన ఉపాయం ఇది.

చిక్కులు లేకపోలేదు. లోహం గొట్టం గోడకు అంటుకుపోతుంది. పైగా ఒంటరి లోహం ముందుకు వెళ్లిపోతే సమతాస్థితి తప్పి, బలహీనమైన జంటలు దారిలోనే విడిపోతాయి. అప్పుడు బంధం ఉన్నదానికన్నా తక్కువగా లెక్కకొస్తుంది.

2015లో లేమన్, క్లేబర్ నేచర్ పత్రికలో అసలు ప్రశ్ననే తిరగేశారు. మట్టిలో హ్యూమిక్ అనే ప్రత్యేక పదార్థమే లేదని, క్షారంలో నానబెట్టడం వల్ల మనకు అలా కనిపిస్తోందని వారి వాదన. ఆ గొడవ ఇంకా సద్దుమణగలేదు. గోర్లెబెన్‌ను 2020 సెప్టెంబరులో అణు వ్యర్థాలు పూడ్చేందుకు పరిశీలిస్తున్న చోట్ల జాబితా నుంచి తీసేశారు. పైపొరలు తగినంత రక్షణ ఇవ్వవన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి.