కెమెరా కొన్న డబ్బంతా పన్నులో తీసేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

పాలకొల్లులో పన్ను రిటర్నులు వేసే పని నాది. జూన్, జులై వచ్చాయంటే ఉద్యోగం చేసుకుంటూ పక్కన చిన్న పని మొదలుపెట్టినవాళ్లు వస్తారు. కాలేజీలో పాఠాలు చెప్పి, ముహూర్తాల్లో పెళ్లి ఫొటోలు తీసేవారు, నరసాపురం లేసు అల్లికలు ఆన్‌లైన్‌లో అమ్మేవారు. అందరిదీ ఒకే మాట: "కొన్న సామాను ఖరీదు తీసేయండి సార్."

అపోహ: 1,20,000 పెట్టి కెమెరా కొన్నాను, ఈ ఏడాది అదంతా ఖర్చే.

వాస్తవం: కాదు. ఏళ్ల తరబడి పనికొచ్చే వస్తువు ఖరీదును తరుగుదలగా ఏటా కొంత కొంత ఆ పని ఆదాయంలోంచి తీసేస్తారు. కెమెరా, కుట్టుమిషను లాంటివాటికి 15 శాతం, కంప్యూటర్‌కు 40, బల్లలు, కుర్చీలకు 10. కొన్న ఏడాదిలో (ఏప్రిల్ నుంచి మార్చి వరకు) 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. మాఘమాసం పెళ్లిళ్ల కోసమని డిసెంబరులో కెమెరా కొన్నారనుకోండి, ఆ మార్చికి తీసేసేది 9,000 మాత్రమే. మరుసటి ఏడు మిగిలిన 1,11,000 మీద 16,650. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి ఆ 9,000 వల్ల తగ్గే పన్ను, సెస్సు కాక, 1,800. అందుకే పన్ను తగ్గుతుందని సామాను కొనకండి, పని ఉంటేనే కొనండి. ఇంకో సంగతి, లెక్క బిల్లు తేదీని బట్టి కాదు, పనిలో పెట్టిన తేదీని బట్టి. ఫిబ్రవరికి 28 రోజులుండే ఏడాదిలో అక్టోబరు 3 లోపు వాడకం మొదలైతేనే పూర్తి శాతం. మొదటి ఆర్డరు ఎప్పుడు చేశారో డైరీలో రాసిపెట్టుకోండి.

అపోహ: క్యాష్ ఇస్తే షాపువాళ్లు తగ్గిస్తారు, బిల్లు ఉంటే చాలు కదా.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఒకే రోజు ఒకరికి 10,000 దాటి నగదు ఇస్తే, ఆ సొమ్ము వస్తువు ఖరీదులోకే రాదు. ఆ ఏడాదే కాదు, ఆ సొమ్ము మీద తరుగుదల ఎప్పటికీ రాదు. ఆ మధ్య ఒక అబ్బాయి 70,000 లెన్సు బిల్లు మడత నలగకుండా దాచి తెచ్చాడు. మొత్తం నగదే. ఒక్క రూపాయి కూడా రాయలేకపోయాను. యూపీఐ, కార్డు, చెక్కు, ఏదైనా సరే, ఖాతాలోంచే వెళ్లాలి.

అపోహ: కొత్త పన్ను విధానంలో ఇవేవీ రావు.

వాస్తవం: పోయేది ఎల్ఐసీ, పీఎఫ్ లాంటి మినహాయింపులు. వ్యాపార ఖర్చులు, మామూలు తరుగుదల అలాగే ఉంటాయి.

అపోహ: మొదటి ఏడాది నష్టం వస్తే జీతంలోంచి తీసేయొచ్చు.

వాస్తవం: వ్యాపార నష్టాన్ని జీతంతో సర్దడానికి వీల్లేదు. గడువులోపు రిటర్ను వేస్తే 8 ఏళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, వ్యాపార లాభంలో తగ్గించుకోవచ్చు. గడువు దాటితే ఆ అవకాశం పోతుంది.

అపోహ: అమ్మకాల్లో 8 శాతం లాభం చూపించి, పైన కెమెరా తరుగుదల కూడా తీసేద్దాం.

వాస్తవం: చిన్న వ్యాపారులకు లెక్కల పుస్తకాలు లేకుండా 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన డబ్బుకైతే 6 శాతం లాభం చూపే పద్ధతి ఉంది. తరుగుదల అందులో కలిసిపోయినట్టే, విడిగా రాదు. మీరు తీసుకోకపోయినా ఏటా తీసుకున్నట్టే లెక్కగట్టి, కెమెరా విలువ తగ్గిస్తారు. సామానుకు ఎక్కువ పెట్టి ఆదాయం తక్కువ ఉన్నవారు ఈ పద్ధతికి వెళ్లేముందు రెండు లెక్కలూ వేయించుకోండి. ఒకసారి ఎంచుకుని మధ్యలో బయటకు వస్తే 5 ఏళ్ల దాకా మళ్లీ ఈ పద్ధతిలోకి రానివ్వరు.