లైబ్రేరియన్ ఉద్యోగానికి అమెరికా వెళ్దామనుకునేవాళ్ల అపోహలు

గుంటూరులో మా కాలేజీ లైబ్రరీకి జూన్ వచ్చిందంటే పుస్తకాలకంటే సలహాల కోసం వచ్చేవాళ్లే ఎక్కువ. "మేడమ్, లైబ్రరీ సైన్స్‌లో మాస్టర్స్, ఎంఎల్ఐఎస్సీ పాసయ్యా, అమెరికాలో లైబ్రేరియన్‌గా తీసుకుంటారంట కదా?" అంటారు. ఎవరు చెప్పారంటే, వాట్సాప్‌లో ఎవరో!

అపోహ: మన ఎంఎల్ఐఎస్సీ ఉంటే చాలు.

వాస్తవం: అక్కడి లైబ్రేరియన్ పోస్టులకు ఎక్కువగా అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్, అంటే ఏఎల్ఏ, గుర్తించిన మాస్టర్స్ అడుగుతారు. ఆ గుర్తింపు అమెరికా, కెనడా, ప్యూర్టోరికోల్లోని కోర్సులకే ఉంటుంది. మన డిగ్రీని అక్కడివాళ్లతో మదింపు చేయించుకోవచ్చు గానీ, దాన్ని ఒప్పుకోవడం ఉద్యోగమిచ్చేవాళ్ల ఇష్టం.

అసలు మోసపోయేది ఇంకోచోట. ఏఎల్ఏ గుర్తింపు యూనివర్సిటీకి కాదు, కోర్సుకు. మా పూర్వ విద్యార్థిని ఒకమ్మాయికి ఓ కన్సల్టెన్సీ "ఇన్ఫర్మేషన్ సైన్స్" ఎంఎస్‌లో సీటు ఇప్పించింది. తండ్రి పొలం తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టేశాక ఆ లెటర్ పట్టుకొచ్చారు. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏఎల్ఏ వెబ్‌సైట్‌లో జాబితా తెరిచాను. యూనివర్సిటీ పేరుంది, కానీ దాని ఎదురుగా ఉన్న కోర్సు వేరు. ఆయన లెటర్ మీదా తెర మీదా వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చి చూసుకున్నారు. "రెండూ ఒకటే అన్నాడమ్మా" అన్నారు. అడ్వాన్సు తిరిగి రాలేదు. కాబట్టి డబ్బు కట్టకముందే కోర్సు పూర్తి పేరుతో ఆ జాబితాలో వెతకండి. అర్థం కాకపోతే ఏ లైబ్రేరియన్‌నైనా అడగండి, మొహమాటపడొద్దు.

పెళ్లై వెళ్లే అమ్మాయిలకు ఒక మాట: అక్కడ హెచ్-1బి మీద పనిచేసే భర్తతో వెళ్లేవాళ్లకిచ్చే హెచ్-4 వీసా చేతికొచ్చినంత మాత్రాన పని చేయడానికి వీల్లేదు. వర్క్ పర్మిట్ వేరే రావాలి, అది హెచ్-4 వాళ్లందరికీ ఇవ్వరు. స్కూల్ లైబ్రరీల్లో అయితే చాలా రాష్ట్రాలు తమ సర్టిఫికెట్ కూడా అడుగుతాయి.

అపోహ: పుస్తకాలిచ్చి తీసుకోవడమేగా!

వాస్తవం: అక్కడ ఆ కౌంటర్ పని ఎక్కువగా లైబ్రరీ అసిస్టెంట్లది. పుస్తకాలు, డేటాబేసులు ఎంచడం, పరిశోధన చేసేవాళ్లకు దారి చూపడం లైబ్రేరియన్ పని. మన చిన్న కాలేజీల్లో అన్నీ ఒక్కరే చేస్తారు కాబట్టి బయటికి కౌంటరే కనిపిస్తుంది.

అపోహ: ఇక్కడ ఈ చదువుకు విలువ లేదు.

వాస్తవం: 1914లోనే అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. ఇప్పుడు చూస్తే, యూజీసీ 2018 నిబంధనల్లో కాలేజీ లైబ్రేరియన్‌కూ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కూ మొదటి బేసిక్ ఒకటే, నెలకు 57,700 రూపాయలు. ప్రైవేటు కాలేజీలు చాలావరకు అంత ఇవ్వవు, నిజమే. ఆ స్కేలు పోస్టులకు పోటీ పడాలంటే ముందు నెట్, అంటే యూజీసీ జాతీయ అర్హత పరీక్ష, పాసవ్వండి. అందులో మన సబ్జెక్టు కోడ్ 59.