ఎర్ర కారు మీద పాల మబ్బు

మా పాత ప్రీమియర్ పద్మిని కారుకు నేనే రంగు వేస్తానని పట్టుబట్టి, ఒక ఆగస్టు ఉదయం కాకినాడలో మా ఇంటి పెరట్లో స్ప్రే గన్ పట్టుకున్నాను. బానెట్ మీద మొదటి పూత తడిగా, ఎర్రగా మెరిసింది. కాసేపటికే ఆ ఎరుపు మీద పాలు ఒలికి తుడిచినట్టు తెల్లటి పొర కమ్మింది. రంగును పల్చన చేసే థిన్నర్‌లో కల్తీ ఉందని దుకాణదారుణ్ణి మనసులో తిట్టుకున్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. గాలిలో ఎంత నీరుందో చూసుకోకపోవడం నా తప్పు.

ఆరుబయట రంగు వేసేవారికి మొదటి భయం దుమ్ము. కారు మీది రంగు పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతు. అందులో ఇసుక రేణువు పడితే గుట్టలా కనిపిస్తుంది. ఎనామెల్ రంగు గంటల తరబడి జిగటగా ఉంటుంది కాబట్టి వేపపూత మొదలుకొని దోమల దాకా అన్నీ దానికి అంటుకుంటాయి. నేను వాడిన ఎన్‌.సి. పెయింట్ మాత్రం నిమిషాల్లో పైపైన ఆరిపోతుంది. ఎన్‌.సి. అంటే నైట్రోసెల్యులోజ్. దూదిలో ఉండే సెల్యులోజ్‌ను ఆమ్లాలతో మార్చి దీన్ని చేస్తారు. థిన్నర్ ఎగిరిపోవడమే ఇది ఆరడం.

అమెరికాలో 1920ల మొదట్లో కూడా కారుకు పూత మీద పూత వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూపాంట్ తయారుచేసిన ‘డ్యూకో’ అనే నైట్రోసెల్యులోజ్ రంగును జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లకు వేయడంతో ఆ నిరీక్షణ తీరింది.

చిక్కంతా ఈ తొందరలోనే ఉంది. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి? బయటికి ఊరిన నీరు ఆవిరవుతూ కుండ వేడిని తీసుకుపోతుంది. థిన్నర్ నీటికన్నా చాలా వేగంగా ఆవిరవుతుంది. అరచేతిలో నాలుగు చుక్కలు పడితే జివ్వుమనేది అందుకే. పల్చటి ఇనుప రేకు మీద ఆ తడి పూత చుట్టూ ఉన్న గాలికన్నా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది.

గాలి ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే అందులోని ఆవిరి నీరుగా దిగుతుందో దాన్ని తుషార బిందువు అంటారు. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్నప్పుడు అది సుమారు 26 డిగ్రీలు. అంటే పూత నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, చల్లటి గ్లాసు చెమర్చినట్టు చెమరుస్తుంది. అదే వేసవిలో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉంటే తుషార బిందువు 13 డిగ్రీల దగ్గరకు పడిపోతుంది. చెమర్చే భయం ఉండదు. కానీ ఆ ఎండలో రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. తుంపర గాలిలోనే సగం ఆరి, చదునుగా పరుచుకోక గరుకు తేలుతుంది.

తెలుపు ఎక్కడినుంచి వచ్చింది? నీరు తగిలిన చోట నైట్రోసెల్యులోజ్ విరిగిన పాలలా ముద్దకట్టి, పూతలో కంటికి కనిపించనంత సన్నటి బొరియలు మిగులుస్తుంది. అవి కాంతిని అన్ని వైపులా చెదరగొడతాయి. మబ్బు, నురగ తెల్లగా కనిపించడానికి కారణం కూడా కాంతి అలా చెదరడమే. ఎరుపు ఎక్కడికీ పోలేదు, ఆ తెర వెనకే ఉంది.

దుమ్ము లేవకుండా పని మొదలుపెట్టే ముందు పెరడంతా నీళ్లు చల్లాను. వేసవిలో అది మంచి ఉపాయమే. ఆగస్టు ఉదయాన, తేమ ఎక్కువగా ఉండే వేళ, కోరి తెచ్చుకున్న తంటా. స్ప్రే గన్‌కు గాలి అందించే కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటినీ ఖాళీ చేయలేదు.

ఇక్కడొక హెచ్చరిక. గట్టిపరిచే రసాయనం కలిపి వాడే రెండు డబ్బాల కారు రంగుల్లో చాలావాటిలో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఆస్తమా తెప్పించగలవు. గుడ్డ మాస్కు వాటిని ఆపదు. వాటిని ఇంట్లో ముట్టుకోకపోవడమే మేలు. ఎన్‌.సి. థిన్నర్ ఆవిరికీ తగిన ఫిల్టర్ మాస్కు కావాలి, దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు.

తెల్లబడిన బానెట్ బాగుపడింది. గాలి కాస్త పొడిబారాక, నెమ్మదిగా ఆవిరయ్యే రిటార్డర్ థిన్నర్‌ను సన్నటి తుంపరగా కొట్టాను. పైపొర మళ్లీ కరిగి, బొరియలు పూడుకుపోయి, ఎరుపు బయటపడింది. ఆ ధైర్యంతో డిక్కీకి రంగులోనే రిటార్డర్ కలిపాను. మబ్బు పట్టలేదు. నెమ్మదిగా ఆరుతున్న ఆ పూత మీద రెక్కల చీమ ఒకటి వాలింది. అదింకా అక్కడే ఉంది.