తుపాకీ జాడ పట్టే జాగిలాలు: అపోహలు, వాస్తవాలు

నేను డాగ్ స్క్వాడ్‌లో హ్యాండ్లర్‌ని, అంటే కుక్కకు నేర్పి, దాన్ని నడిపించేవాణ్ని. బందోబస్తుకు ఎక్కడికి వెళ్లినా జనం, ఒక్కోసారి మా పోలీసువాళ్లు కూడా, నమ్మకంగా చెప్పే మాటలు కొన్నున్నాయి.

అపోహ: కుక్క ఇనుము వాసన పట్టేస్తుంది.

మా కుక్క వాసన దొరికిందని కూర్చుని చెబుతుంది. ఇనుము వాసనే నేర్పితే ప్రతి తలుపు గడియ దగ్గరా కూర్చుంటుంది. మేం నేర్పేది తూటాలోని మందు, కాల్చాక గొట్టంలో మిగిలే మసి, తుపాకీ తుడిచే నూనె వాసనలు. ఈ కాలం తూటాల మందులో నైట్రోసెల్యులోజ్ ఉంటుంది. నాటు తుపాకీలో కూరేది గంధకం, బొగ్గు, సురేకారం కలిపిన మందు. రెండూ వేరు వాసనలు, రెండూ నేర్పాలి. ఒక్కసారీ కాల్చని కొత్త తుపాకీని శుభ్రంగా తుడిచి దాస్తే పట్టడం కష్టం. తుపాకీ తీసేసిన చోట వాసన మిగిలి ఉంటే, అక్కడా కూర్చోవచ్చు.

అపోహ: కుక్క పొరబడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. 2011లో అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పరిశోధకులు డ్రగ్స్, పేలుడు పదార్థాలు పట్టే 18 జట్లను (ఒక్కో జట్టంటే ఒక కుక్క, దాని హ్యాండ్లర్) పరీక్షించారు. భవనంలో ఎక్కడా ఏ వాసనా పెట్టలేదు. హ్యాండ్లర్లకు మాత్రం ఉండొచ్చని చెప్పి, వాసన ఉన్నచోటికి గుర్తంటూ కొన్నిచోట్ల ఎర్ర కాగితం అతికించారు. మొత్తం 144 సోదాల్లో ఒక్క తప్పూ లేనివి 21 మాత్రమే. లేనిదాన్ని కుక్క చూపించిందని మిగతావాటిలో హ్యాండ్లర్లే చెప్పారు. మన అనుమానం మన నడకలో తెలుస్తుంది, పగ్గం బిగింపులో తెలుస్తుంది. కుక్క దాన్ని చదివేస్తుంది. అందుకే సాధనలో సరుకు ఎక్కడ పెట్టారో హ్యాండ్లర్‌కు తెలియకూడదు. కొన్నిసార్లు అసలేమీ పెట్టకూడదు. ఖాళీ గదిని ఖాళీగా వదిలేసిన కుక్కనూ మెచ్చుకోవాలి. కుక్క కూర్చుందంటే అక్కడ వెతకాలని అర్థం, మనిషిని దోషిగా తేల్చేయమని కాదు. మనిషి జాడ వెంట వెళ్లే ట్రాకర్ కుక్కల సాక్ష్యం విషయంలో సుప్రీంకోర్టు కూడా జాగ్రత్త చెప్పింది.

అపోహ: ఆకలితో మాడ్చి పని చేయిస్తారు.

అబద్ధం. చాలా కుక్కలు బాల్ కోసం పనిచేస్తాయి.

అపోహ: దొరకగానే గోళ్లతో గీకి లాగేస్తుంది.

లోడ్ చేసిన తుపాకీని అలా లాగితే ఏమవుతుంది? మావి కదలకుండా కూర్చుంటాయి.

అపోహ: ఎంతసేపైనా తిప్పొచ్చు.

రొప్పుతున్న కుక్క సరిగ్గా వాసన చూడలేదు. మన మే ఎండలో అది త్వరగానే అలసిపోతుంది. ‘ఇంకో రౌండ్ వేయించు’ అని మా పైఅధికారులు అడిగితే, ముందు నీడలో కూర్చోబెట్టి నీళ్లు పట్టిస్తాను. రొప్పు తగ్గాకే లేపుతాను.