గర్భనిరోధక మాత్ర: ‘రెట్టింపు ప్రమాదం’ అంటే ఎంత?

1995 అక్టోబరులో బ్రిటన్ ఔషధ భద్రతా సంఘం వైద్యులకు ఒక హెచ్చరిక పంపింది. కొత్తరకం హార్మోన్‌తో చేసిన ‘మూడవ తరం’ గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, అంతకుముందు తరం మాత్రలు వాడేవారితో పోలిస్తే, సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపు అన్నది దాని సారాంశం. ఆ వార్తకు బెదిరి ఎందరో స్త్రీలు మాత్రలు ఆపేశారు; మరుసటి ఏడాది అక్కడ గర్భస్రావం చేయించుకున్నవారి సంఖ్య పెరిగింది. ఇంతకీ ఆ ‘రెట్టింపు’ అసలు లెక్క ఏమిటంటే, సుమారు ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడం. సగం లెక్క చెప్పి భయపెట్టడం స్త్రీలకు చేసే అన్యాయమని నా అభిప్రాయం. అలాగని ఆ రెండో వ్యక్తి ప్రాణాన్ని తేలిగ్గా తీసుకోవడానికీ వీల్లేదు.

ఎక్కువమంది వాడే మాత్రల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ అనే రెండు రకాల హార్మోన్లు ఉంటాయి. ఇవి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి అండాశయానికి వెళ్లే సంకేతాలను అణచిపెట్టడంతో అండం విడుదల కాదు. గర్భాశయ ముఖద్వారం దగ్గరి స్రావం చిక్కబడి శుక్రకణాలను లోపలికి పోనివ్వదు. ఒక్కరోజైనా తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో వందమందిలో ఒకరికి గర్భం రావడం కూడా అరుదు. మరిచిపోవడం మామూలైన నిత్యజీవితంలో మాత్రం సుమారు ఏడుగురికి వస్తుంది.

అయితే ఈ ఈస్ట్రోజెనే కాలేయంలో రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మాత్రలో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేది. ఇప్పటి మాత్రల్లో చాలావాటిలో 20 నుంచి 35 మైక్రోగ్రాములే ఉంటుంది. ప్రమాదం తగ్గింది కాని పూర్తిగా పోలేదు. పదివేల మందిని ఏడాదిపాటు గమనిస్తే, మాత్ర వాడని, గర్భం లేని స్త్రీలలో 1 నుంచి 5 మందికి, వాడేవారిలో 3 నుంచి 9 మందికి ఇలా గడ్డలు ఏర్పడతాయని అంచనా. గర్భిణులలో ఆ సంఖ్య 5 నుంచి 20; ప్రసవం తరువాతి వారాల్లో ఇంకా ఎక్కువ. మాత్రకు భయపడి మానేసినవారు అనుకోని గర్భం దాల్చితే, ఏ ప్రమాదం నుంచి తప్పుకోవాలనుకున్నారో అది ఇంకా పెరుగుతుందన్నమాట.

ఈ లెక్క అందరికీ ఒకేలా వర్తించదు. ముప్పై అయిదేళ్లు దాటి పొగతాగేవారు, అధిక రక్తపోటు ఉన్నవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, కళ్లముందు మెరుపులు కనిపించి పార్శ్వపు తలనొప్పి వచ్చేవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్ర వాడకూడదు. అందుకే రక్తపోటు చూడకుండా, తలనొప్పి ఎలా వస్తుందో అడగకుండా ఈ మాత్ర ఇవ్వడం తప్పు. ఇలాంటివారిలో చాలామందికి ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న మాత్రలు పనికొస్తాయి. వాడుతుండగా ఒక కాలు మాత్రమే వాచి నొప్పిపెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమో ఛాతీనొప్పో వచ్చినా, అవి రక్తం గడ్డకట్టిన గుర్తులు కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

గర్భనిరోధంతో పాటు మరికొన్ని మేళ్లూ ఉన్నాయి. నెలసరి రక్తస్రావం, నొప్పి తగ్గుతాయి; రక్తహీనత ఉన్నవారికి ఇది చిన్న ఊరట కాదు. అండాశయ, గర్భాశయ లోపొర కాన్సర్ల ముప్పు తగ్గడమే కాక, ఆ రక్షణ మాత్ర మానేశాక కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. రొమ్ము కాన్సర్ ముప్పు వాడుతున్న కాలంలో కొద్దిగా పెరిగి, మానేశాక క్రమంగా తగ్గిపోతుంది. దీర్ఘకాలం వాడితే పిల్లలు పుట్టరన్న భయానికి ఆధారం లేదు.

సుఖవ్యాధులను ఈ మాత్ర ఆపలేదు, దానికి కండోమ్ కావలసిందే. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు మాత్ర శక్తిని తగ్గిస్తాయి కనుక, అవి తీసుకుంటున్న సంగతి వైద్యులకు ముందే చెప్పాలి.