కిడ్నీ క్యాన్సర్‌లో కాంబినేషన్ మందులు: అపోహలు - వాస్తవాలు

ముదిరిన కిడ్నీ క్యాన్సర్‌కు చికిత్స చేసే డాక్టర్‌ని, కొత్త మందులను పేషెంట్లలో పరీక్షించే ట్రయల్స్‌లోనూ పనిచేస్తాను. పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: రెండు మందులు పనిచేస్తే, మూడు ఇంకా బాగా పనిచేస్తాయి.

వాస్తవం: ఈ ఆశ నాకూ ఉండేది. 855 మందితో చేసిన కాస్మిక్-313 ట్రయల్‌లో అందరికీ నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే రెండు ఇమ్యునోథెరపీ మందులు (క్యాన్సర్‌తో పోరాడేలా ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపేవి) ఇచ్చారు. సగం మందికి వాటితో పాటు కాబోజాంటినిబ్ మాత్ర కూడా ఇచ్చారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. మూడు మందులు వాడినవాళ్లలో జబ్బు ఎక్కువ కాలం అదుపులో ఉంది, నిజమే. కానీ తీవ్రమైన సైడ్ ఎఫెక్ట్స్ వచ్చినవాళ్లు 79 శాతం, రెండే వాడినవాళ్లలో 56 శాతం. స్కాన్‌లో గడ్డలు పూర్తిగా మాయమైనవాళ్లు మాత్రం రెండు వైపులా 3 శాతమే. మూడో మందు వల్ల ఎక్కువ కాలం బతికినట్టు తర్వాత కూడా తేలలేదు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన లెక్క అదే.

ఇమ్యునోథెరపీ వాడినా జబ్బు పెరిగినవాళ్లకు కాబోజాంటినిబ్‌కు అదే తరహా మందు మళ్లీ జోడించి చూసింది కాంటాక్ట్-03 అనే ఇంకో ట్రయల్. సైడ్ ఎఫెక్ట్స్ పెరిగాయి తప్ప లాభం కనిపించలేదు.

అపోహ: విడివిడిగా మంచి మందులైతే ఏ రెండైనా కలపొచ్చు.

వాస్తవం: పాజోపానిబ్, ఆక్సిటినిబ్ రెండూ గడ్డకు రక్తనాళాలు పెరగకుండా ఆపే మాత్రలే. ఆక్సిటినిబ్‌ను పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో కలిపితే, అప్పటిదాకా వాడుతున్న సునిటినిబ్ కన్నా పేషెంట్లు ఎక్కువ కాలం బతికారని 2019లో తేలింది. పాజోపానిబ్‌ను అదే మందుతో కలిపి చూస్తే లివర్ దెబ్బతింది, ఆ జోడీని వదిలేయాల్సి వచ్చింది. అందుకే ముందు కొద్దిమందిలోనే, డోసు చూసుకుంటూ పరీక్షిస్తారు.

జోడీ మందులతో ఇంకో చిక్కుంది. విరేచనాలు మాత్ర వల్లా రావొచ్చు, ఇమ్యునోథెరపీ వల్లా రావొచ్చు. మొదటిదైతే మాత్ర ఆపితే తగ్గుతుంది, రెండోదైతే స్టెరాయిడ్లు కావాలి. ఆక్సిటినిబ్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి ఆపిన రెండు మూడు రోజుల్లోనే చాలావరకు తెలిసిపోతుంది. కాబోజాంటినిబ్ చాలా రోజులు ఉండిపోతుంది, అప్పుడు తేల్చుకోవడం కష్టం. కాబట్టి రోజుకు ఎన్నిసార్లు వెళ్తున్నారో దాచకుండా, మొహమాటపడకుండా, మొదటి రోజే చెప్పండి.

అపోహ: ట్రయల్‌లో చేరితే ఉత్త మాత్ర (మందు లేనిది) ఇచ్చి వదిలేస్తారు.

వాస్తవం: కాస్మిక్-313లో ఉత్త మాత్ర వచ్చినవాళ్లకూ రెండు అసలు మందులు అందాయి. సంతకం పెట్టేముందు “కొత్త మందు రానివాళ్లకు ఏమిస్తారు?” అని అడగండి. సంతకం పెట్టాక కూడా ఎప్పుడైనా తప్పుకోవచ్చు.